రెండో ఏడాది ఫీజు

తులసక్క మా బీఈడీ క్లాసు గదిలోకి అడుగుపెట్టిన రోజున మేమందరం లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాం. కొత్తగా చేరిన లెక్చరరు అనుకున్నాం. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి, "కూర్చోండమ్మా, నేనూ మీలాగా చదువుకోడానికే వచ్చేను" అంది. క్లాసంతా గొల్లుమంది. తనూ నవ్వింది. నవ్వుతూనే ఎక్కడ కూర్చోవాలో తెలియక అటూ ఇటూ చూస్తుంటే నేను జరిగి చోటిచ్చాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఆవిడకి ముప్ఫై తొమ్మిది.

పూర్తి పేరు లక్ష్మీతులసి. ఊరు ఆత్రేయపురం. మాది ర్యాలి. ఆవిడ ఎక్కిన ఆటోయే మా ఊరి మీదుగా రావులపాలెం వెళ్తుంది, అక్కణ్ణుంచి కొత్తపేటలో ఉన్న మా కాలేజీకి బస్సు. అలా రోజూ రానూపోనూ మేమిద్దరం పక్కపక్కనే. ఆ ప్రయాణాల్లోనే ఆవిడ సంగతులన్నీ నాకు తెలిశాయి.

ఆవిడ భర్త సాయిబాబు కొబ్బరికాయల వ్యాపారి. తోటల దగ్గర కాయ కొని, వలిపించి, లారీల్లో ఉత్తరాదికి పంపేవాడు. లెక్కలన్నీ తులసక్కే రాసేది. పెళ్లికి ముందు బీఏ తెలుగు చదివి, టీచరు కావాలనుకున్న మనిషి, పదిహేనేళ్లు కాయలెన్ని, కూలెంత, లారీ బాడుగెంత అని రాస్తూ ఉండిపోయింది. అందుకు ఆవిడకేం విచారం లేదు. "ఆయనకి అంకెలంటే బెరుకు వాణీ. నేను పక్కన కూర్చుంటేనే ధైర్యంగా ఉండేవారు" అనేది.

వ్యాపారం పెరిగాక సాయిబాబు రావులపాలెంలో ఒక బ్యాంకులో ఓడీ ఖాతా పెట్టాడు. ఖాతాలో డబ్బు లేకపోయినా మూడు లక్షల దాకా తీసుకోవచ్చు, లారీ డబ్బు రాగానే కట్టెయ్యొచ్చు. భార్య సంతకం కూడా కావాలంటే తులసక్క చేసింది. నాలుగేళ్లు బాగానే తిరిగింది. ఆ తర్వాత పై రాష్ట్రం పార్టీ ఒకడు మూడు లారీల సరుకు దింపుకుని ఫోనెత్తడం మానేశాడు. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే కరోనా వచ్చింది, లారీలు ఆగిపోయాయి. రెండోసారి కరోనా వచ్చినప్పుడు సాయిబాబే పోయాడు. నలభై ఆరేళ్లు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. తులసక్క ఆయన్ని చివరిసారి చూసింది ఎవరో నర్సు దయతలచి పంపిన వీడియోలో.

పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది తులసక్కా, ఆవిడ అత్తగారు మంగాయమ్మగారూ.

దినాలయిన కొన్నాళ్లకి బ్యాంకు నుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. తులసక్క వాళ్లని గుమ్మం ఎక్కనివ్వకుండా వీధి చివరి టీ కొట్టు దాకా తీసుకెళ్లి మాట్లాడింది. అసలూ వడ్డీ కలిపి నాలుగు లక్షల పైమాట. సంతకం చేసిన మనిషి కాబట్టి ఇక ఆ బాకీ తనదే. తిరిగి వచ్చేసరికి అత్తగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"ఎవరమ్మా వాళ్ళు?"

"బ్యాంకు వాళ్ళండి. ఆయన పేరు మీద ఇన్సూరెన్సు ఉందంట. బాకీ అందులో తీరిపోయిందని చెప్పడానికి వచ్చేరు."

ఇన్సూరెన్సూ లేదు, తీరడమూ లేదు. కొడుకు పోయి రెండు నెలలు తిరగని తల్లికి ఆ కొడుకు చేసిన అప్పు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. కాస్త తేరుకున్నాక చెప్దామనుకుంది. ఎప్పుడు చూసినా ఆవిడ తేరుకున్నట్టు కనిపించలేదు.

కొన్ని నెలలకి అదే బ్యాంకులో తులసక్క పొదుపు ఖాతాలో ఉన్న ఆరు వేలూ మాయమయ్యాయి. వెళ్లి అడిగితే, ఓడీ బాకీ ఉన్నంతకాలం ఆ ఖాతాలో ఏ డబ్బు పడినా బాకీ కిందకి జమ అయిపోతుందన్నారు. ఆవిడ వచ్చి, పోస్టాఫీసులో వేరే ఖాతా తెరుచుకుని, పాత పాస్‌బుక్కుని ట్రంకు పెట్టెలో బట్టల కింద పెట్టేసింది.

బళ్లు మూసేసిన రోజుల్లో వీధిలో పిల్లలకి ఆవిడ పాఠాలు చెప్పేది. అది చూసి బీఈడీ చెయ్యమని పట్టుబట్టింది మంగాయమ్మగారే. "నీ చదువంతా నా కొడుకు కొబ్బరికాయల లెక్కలకి వాడుకున్నాడు. ఇకనైనా నువ్వు వాడుకో" అన్నారట. కౌన్సెలింగుకి తేదీలు తెలియక దాటిపోయాయి. మేనేజ్‌మెంటు సీటే దొరికింది. సాయిబాబు మోటారు సైకిలు అమ్మి మొదటి ఏడాది ఫీజు కట్టింది.

చదువు ఆవిడకి సులువుగా రాలేదు. సైకాలజీ పేపరులో పేర్లు ఒక్కటీ నిలిచేవి కాదు. ఆటోలో నేను అడుగుతుంటే కళ్లు మూసుకుని అప్పజెప్పేది, మధ్యలో తప్పితే నాలుక కరుచుకునేది. కాని పాఠం చెప్పడానికి నిలబడితే మాత్రం మేమంతా నోటుపుస్తకాలు మూసేసి వినేవాళ్లం. ఒకసారి ద్వంద్వ సమాసం చెప్పింది. "రెండు పదాలకీ సమానమైన ప్రాధాన్యం ఉండాలి. ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అనుకుంటే అది ద్వంద్వం కాదు. అత్తాకోడళ్ళు అన్నామనుకోండి..." అనేసరికి వెనక బెంచీ వాళ్లు నవ్వారు. "మా ఇంట్లో నిజమేనమ్మా" అంది తను కూడా నవ్వుతూ.

ఆవిడ కాలేజీకి వస్తుంటే మంగాయమ్మగారు మళ్లీ పూతరేకుల పనికి వెళ్లడం మొదలుపెట్టారు. అరవై ఏడేళ్లు ఆవిడకి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో తడిపిన గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగితే పొరలాంటి రేకు వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గాని, ఆ వేడికీ పొగకీ ఎదురుగా రోజుకి ఏడెనిమిది గంటలు కూర్చోవాలి. ఆయాసం వస్తోందని అయిదేళ్ల కిందటే మానేసిన పని. తులసక్క వద్దంటే, "నువ్వు పొద్దుటే వెళ్ళిపోతే ఇంట్లో గోడలు చూస్తూ ఏం కూర్చోను? చిన్నమ్మలు కూడా వస్తోంది, కబుర్లకి ఉంటుంది" అన్నారు. చిన్నమ్మలంటే పక్కింటావిడ. కబుర్లకే కాబోలనుకుంది తులసక్క.

రెండో ఏడాది మొదలైన పది రోజులకి, క్లాసులో ఉండగా తులసక్క ఫోను చిన్నగా అదిరింది. తీసి చూసి మొహం చిట్లించి నాకు చూపించింది. పాత బ్యాంకు ఖాతాలో ముప్ఫై నాలుగు వేలు జమ అయినట్టు మెసేజి. "ఎవరు వేసుంటారు?" అని ఆవిడ అనుకుంటూ ఉండగానే రెండోది వచ్చింది. ముప్ఫై నాలుగు వేలూ ఓడీ బాకీ కింద పోయాయి.

మేం బయటికొచ్చి, ఇంటి దగ్గర ఎవరికైనా తెలుసేమోనని వరండాలోంచి చిన్నమ్మలుగారికి ఫోన్ చేశాం. ఆవిడ ఉత్సాహంగా చెప్పుకుపోయింది.

"అయ్యో, అప్పుడే తెలిసిపోయిందా? నీకు చెప్పొద్దన్నారమ్మా మీ అత్తగారు. ఏడాది నుంచి కూడబెట్టేరు. రెండో ఏడు ఫీజంట. పెట్టెలో నీ పుస్తకం ఉంటే పట్టుకుని ఇద్దరం రావులపాలెం వచ్చేం. చీటీ నేనే రాయించేను. ఇదిగో, ఇప్పుడే బయటికొచ్చి చెరుకు రసం తాగుతున్నాం."

తులసక్క ఫోను నా చేతిలో పెట్టేసి గోడకి ఆనుకుంది.

ఆ మధ్యాహ్నమే బ్యాంకుకి వెళ్లాం. మేనేజరు చెడ్డవాడేం కాదు. కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు.

"సిస్టమ్ దానంతటదే లాగేసుకుంటుందండి. నా చేతిలో ఏమీ లేదు."

"అది నా డబ్బు కాదండీ. మా అత్తగారు మంట ముందు కూర్చుని సంపాదించింది. ఆవిడకీ ఈ బాకీకీ సంబంధం లేదు."

"నిజమేనండి. కాని ఖాతా మీది కదండీ."

"పోనీ సగమైనా..."

"పై ఆఫీసుకి రాస్తానండి. వస్తుందని మాత్రం మాటివ్వలేను." మళ్లీ తనే అన్నాడు, "సెటిల్‌మెంటుకి రావచ్చు గదండీ. లక్షా నలభై వేలు కట్టేస్తే మిగతాది మాఫీ చేసి ఖాతా మూసేస్తాం."

"ముప్ఫై నాలుగు వేలకే ఇలా వచ్చేనండి" అని లేచింది తులసక్క.

పై ఆఫీసు నుంచి ఏ కబురూ రాలేదు.

బ్యాంకుకి వెళ్లొచ్చిన సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో ఆవిడ మర్నాడు ఆటోలో చెప్పింది. మంగాయమ్మగారు స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, పండగ రోజులా కూర్చుని ఉన్నారట. "చిన్నమ్మలు నోరాగదు, చెప్పేసిందంట కదా" అని నవ్వారట. "ఫీజు కట్టేసేవా?"

తులసక్క ఆవిడ మొహం చూసింది. చేతులు చూసింది, ముంజేతుల దాకా వేడికి కమిలి నల్లబడి ఉన్నాయి.

"కట్టేసేనండి అత్తయ్యగారూ."

"రసీదు జాగ్రత్త చేసుకో. కాలేజీ వాళ్ళు మళ్ళీ కట్టమనగలరు."

అలా మొదటి అబద్ధం మీద రెండోది పడింది. "నిజం చెప్పొచ్చు గదక్కా" అన్నాను. "ఏమని చెప్పను వాణీ? మీరు ఏడాది పాటు కాల్చుకున్నదంతా ఒక్క నిమిషంలో పోయిందండీ, నేను మీతో అబద్ధమాడేను కాబట్టి పోయిందండీ అని చెప్పనా?" అంది. నా ఉంగరం తాకట్టు పెడతానన్నాను. "వద్దమ్మా. ఇంకొకరికి బాకీ పడితే నేను నిలబడలేను" అంది.

ప్రిన్సిపాల్ గారు దసరా దాకా గడువిచ్చారు. తులసక్క రావులపాలెంలో రాజబాబుగారి బట్టల కొట్లో చీరల సెక్షనులో చేరింది. నెలకి తొమ్మిది వేలు. దసరాకి ఫీజు కూడబెట్టి, మళ్లీ క్లాసుకొచ్చి, పోయిన పాఠాలు నా నోట్సు చూసి రాసుకోవాలని ఆవిడ లెక్క. రోజూ మామూలు వేళకే కాలేజీ యూనిఫారం చీర కట్టుకుని, అత్తగారు కట్టిచ్చిన క్యారేజీ పట్టుకుని, పుస్తకాల సంచీతో ఆటో ఎక్కేది. రావులపాలెంలో నేను బస్సెక్కేదాన్ని. ఆవిడ కొట్లోకి వెళ్లి, వెనక గదిలో యూనిఫారం మార్చుకుని, కొట్టు వాళ్ల మెరూన్ చీర కట్టుకునేది. సాయంత్రం మళ్లీ మార్చుకునేది. క్లాసులో నా పక్కన చోటు ఖాళీగా ఉండేది. మొదట్లో కొన్ని రోజులు ఎవరైనా కూర్చోబోతే వద్దనేదాన్ని.

దసరాకి ఫీజు కూడలేదు. ఇంటి ఖర్చులు, అత్తగారి ఆయాసం మందులు పోగా చేతిలో పదకొండు వేలున్నాయి. పైగా హాజరు చాలదని, ఆ ఏడాది పరీక్ష రాయనివ్వడం కుదరదని, వచ్చే ఏడాది జూనియర్లతో కలవమని చెప్పారు. నేనే ఆ మాట ఆవిడకి మోసుకెళ్లాను. భోజనాల విరామంలో కొట్టు వెనక మెట్ల మీద కూర్చుని వింది. "ఒక్క ఏడే కదా" అంది. ఆ తర్వాత క్యారేజీ తెరిచి, గుత్తొంకాయ కూర సగం నాకు పెట్టి, "రుచి చూడు, ఆవిడ చెయ్యి" అంది.

కార్తీకమాసంలో ఒక ఆదివారం నేను వాళ్లింటికి వెళ్లాను. తులసక్క కాలవకి బట్టలు తీసుకెళ్లింది. మంగాయమ్మగారు నన్ను కూర్చోబెట్టి పళ్లెంలో పూతరేకులు పెట్టారు. మాట్లాడుతుంటే మధ్యమధ్య ఊపిరి అందక ఆగుతున్నారు.

"అమ్మాయ్, నిన్నొకటి అడుగుతాను. మా కోడలు ఎలా చదువుతోంది? పెద్దదైపోయింది గదా, పిల్లలతో సమంగా నిలబడగలుగుతోందా?"

"ఆయ్, బాగా చదువుతున్నారండి మామ్మగారూ. క్లాసులో అక్కే ఫస్టండి."

"అలాగా" అని ఆవిడ నా వైపు కొంచెం సేపు చూశారు. "తిను, తిను. చల్లారిపోయేది కాదు గదా, మొహమాటం దేనికి" అన్నారు. ఆ రేకు నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది, నమలక్కర్లేదు. రెండోది మాత్రం పళ్లెంలోనే వదిలేశాను.

అప్పటికే ఆవిడకి తెలుసని నాకు తెలియదు. తులసక్క ఇంకా నాకు చెప్పలేదు.

ఆ ముందు గురువారం జరిగిందిది. చిన్నమ్మలుగారి మనవరాలికి చీరలు కొనడానికి ఆడవాళ్లు నలుగురు రావులపాలెం వచ్చారు. మంగాయమ్మగారిని కూడా తీసుకొచ్చారు. నాలుగు కొట్లు తిరిగి, అయిదోది రాజబాబుగారి కొట్టు. తులసక్క ఎవరికో చీరలు మడతలు విప్పి చూపిస్తూ తలెత్తింది. ఎదురుగా, గుమ్మంలో చెప్పులు విడుస్తూ అత్తగారు. ఇద్దరి చూపులూ కలిశాయి. తులసక్క చేతిలో చీర చేతిలోనే ఉండిపోయింది.

మిగతా ముగ్గురూ ఇంకా వెనకే ఉన్నారు. మంగాయమ్మగారు నెమ్మదిగా నడిచొచ్చి, కోడలి ముందే పరుపు మీద కూర్చున్నారు. మెరూన్ చీర చూశారు. మెడలో వేలాడుతున్న కొట్టువాళ్ల కార్డు చూశారు. కొట్లో అందరికీ వినబడేంత మామూలు గొంతుతో, ముక్కూ మొహం తెలియని మనిషితో అన్నట్టు అన్నారు.

"ఆ నీలంది చూపించమ్మా."

తులసక్క నీలం చీర తీసి పరిచింది. కొంగు సరిగ్గా పడలేదు. మంగాయమ్మగారే అందుకుని సర్దారు. "రంగు బాగుంది. ఇది మనకి పనికిరాదులే" అని లేచి, లోపలికి రాబోతున్న వాళ్లని గుమ్మంలోనే ఆపి, "ఇక్కడ ధరలు మండిపోతున్నాయి, పదండి పదండి" అని అందరినీ తీసుకుపోయారు. చిన్నమ్మలుగారు తులసక్కని చూడనే లేదు.

ఆ సాయంత్రం తులసక్క యూనిఫారం చీర మార్చుకుని ఇంటికి వెళ్లింది. అత్తగారు ఏమీ అడగలేదు. అన్నం పెట్టారు. మర్నాడు పొద్దున మామూలుగా క్యారేజీ కట్టిచ్చారు. ఆ మర్నాడూ అంతే. అలా దాదాపు నెలరోజులు గడిచాయి. "తిట్టినా బాగుణ్ణు వాణీ. తెలిసినట్టు కనపడితే నేను సిగ్గుపడతానని, ఆవిడ తెలియనట్టే ఉండిపోతోంది" అంది తులసక్క ఒకరోజు ఆటోలో. ముందు కూర్చున్నవాళ్లు తిరిగి చూసేంతగా ఏడ్చింది.

చివరికి మాట ఎత్తింది మంగాయమ్మగారే. మార్గశిరంలో ఒక పొద్దున క్యారేజీ కడుతూ, ఎప్పుడూ పెట్టే అన్నం మీద మరో రెండు గరిటెలు వేసి నొక్కారు.

"అంతెందుకండీ?"

"కూర్చుని పాఠాలు వినేదానికి అది సరిపోయేది. రోజంతా నిలబడేదానికి చాలదు."

తులసక్క అక్కడే నేల మీద కూర్చుంది. మంగాయమ్మగారు క్యారేజీ మూత పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని ఎదురుగా కూర్చున్నారు.

"ఇన్సూరెన్సు వచ్చుంటే నువ్వు కొట్లో నిలబడవు. వాడి బాకీ ఎంతుంది?"

"నాలుగు లక్షల అరవై వేలండి."

"నేను వేసిన డబ్బు?"

"వడ్డీలోకి పోయిందండి."

"ఏడాది రేకులు. వడ్డీలోకి" అన్నారు తనలో తను అనుకున్నట్టు. ఆ తర్వాత గొంతు మారింది. "నాకెందుకు చెప్పలేదు?"

"ఆయన బాకీ పెట్టి వెళ్ళేరని తెలిస్తే మీరు బాధపడతారనండి."

"వాడు పోయేడన్న బాధ కన్నా అది పెద్దదా తులసీ? నేను వాడి తల్లిని. వాడి బాకీ నాకు చెప్పకుండా దాచడానికి నువ్వెవరివి? చెప్పుంటే పోస్టాఫీసులో వేసుందును. నీ చదువు సాగును."

తులసక్కని ఆవిడ గొంతు పెంచి ఒక మాట అనడం ఆ ఇంట్లో అదే మొదలు, అదే ఆఖరు. ఆ రోజు తులసక్క కొట్టుకి వెళ్లలేదు. ఇద్దరూ కలిసి బ్యాంకుకి వెళ్లారు. మంగాయమ్మగారు మేనేజరు ముందు కూర్చుని బతిమాలలేదు. "బాబూ, మా అబ్బాయి మీ డబ్బు వాడుకున్నాడు, నిజమే. ఆ లక్షా నలభై వేలూ కడతాం. కాని ఒక్కసారి అంటే మాకు లేదు. నెలనెలా కట్టించుకోండి" అన్నారు. ఆయన పైకి రాసి, మొదట పాతిక వేలు, మిగతాది ఇరవై మూడు నెలల్లో కట్టేలా ఒప్పించాడు. ఆ పాతిక వేలలో దసరాకి మిగిలిన డబ్బంతా పోయింది. మిగతాది రాజబాబుగారు జీతం మీద అడ్వాన్సు ఇచ్చారు.

రేకుల పని మానెయ్యమని తులసక్క కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. ఆవిడ వినలేదు. "నెలకి అయిదు వేలు నీ ఒక్కదాని జీతంలోంచి ఎక్కణ్ణుంచి వస్తుంది? వచ్చే ఏడు ఫీజు ఎవరు కడతారు?" అనేవారు. మధ్యాహ్నం దాకానే వెళ్తానని ఒప్పుకున్నారు. అంతవరకే.

మాఘమాసంలో ఒక మంగళవారం. పదకొండున్నరకి కుండ ముందు కూర్చున్న మనిషి పక్కకి ఒరిగిపోయారు. చిన్నమ్మలుగారు తులసక్కకి తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. కొట్లో పనివేళ ఫోన్లన్నీ కౌంటరు కింద ఒక బుట్టలో పెట్టించేవారు. పెళ్లిళ్ల రోజులు, కొట్టు కిటకిటలాడుతోంది. బుట్టలో ఫోను అదురుతున్నా ఎవరూ వినిపించుకోలేదు. ఆఖరికి నాకు చేసింది. నేను కొత్తపేట నుంచి బస్సులో రావులపాలెం వచ్చి, జనాన్ని తోసుకుంటూ చీరల సెక్షనులోకి పరిగెత్తేసరికి గంట దాటింది. తులసక్క ఒక పెళ్లివారికి పట్టుచీర భుజం మీద వేసుకుని చూపిస్తోంది. నన్ను చూడగానే ఆ చీర నెమ్మదిగా తీసి, మడతపెట్టి, పక్కనున్న అమ్మాయికిచ్చింది. "ఉన్నారా?" అని ఒక్కటే అడిగింది.

నేను తల అడ్డంగా ఊపాను.

మెరూన్ చీరతోనే ఆటో ఎక్కింది. ఇంటి ముందు దిగాక గుమ్మంలో ఆగి, "ఈ చీరతో లోపలికెలా వెళ్ళను వాణీ" అంది. చిన్నమ్మలుగారు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. తలకొరివి పెట్టడానికి మంగాయమ్మగారి మరిది కొడుకు ప్రకాష్ ధవళేశ్వరం నుంచి వచ్చాడు.

ఆ జూన్‌లో తులసక్క జూనియర్లతో రెండో ఏడాదిలో చేరింది. ఫీజు రెండు విడతల్లో కట్టించుకున్నారు. పొద్దున కాలేజీ, సాయంత్రం తొమ్మిది దాకా కొట్టు, ఆదివారాలు పూర్తిగా కొట్టు. నా చదువు అప్పటికి అయిపోయింది. ఆ ఏడాది ఆఖర్లో, ఆవిడ పరీక్షలు ఇంకా కాకముందే, డీఎస్సీ నోటిఫికేషన్ పడింది. అప్పటికి బీఈడీ పాసై ఉన్నవాళ్లే దరఖాస్తు పెట్టుకోవాలి. నాకు ఉద్యోగం వచ్చింది. నాతోపాటు మొదటి ఏడాది బెంచీ మీద కూర్చుని, నా కన్నా బాగా పాఠం చెప్పిన మనిషి దరఖాస్తు కూడా పెట్టలేకపోయింది. నా పోస్టింగు ఆర్డరు చూపించడానికి వెళ్లాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. చివరికి ఆవిడే స్వీటు పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా అమ్మ ముందు నా భుజం తట్టి, "మా బెంచీకి ఒక ఉద్యోగమైతే వచ్చింది కదండీ పిన్నిగారూ" అంది.

ఆవిడ పాసయ్యింది. ఫస్టు క్లాసే. ఇప్పుడు ఆత్రేయపురం దగ్గరే ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి తెలుగు చెబుతోంది, నెలకి పది వేలు. సాయంత్రాలు ట్యూషన్లు. వయసు నలభై రెండు. ప్రభుత్వ ఉద్యోగానికి నలభై నాలుగు దాకానే పనికొస్తుంది, తర్వాతి నోటిఫికేషన్ ఎప్పుడో ఎవరికీ తెలియదు. అడిగితే, "వస్తే రాస్తాను" అంటుంది.

పోయిన నెల ఆఖరి వాయిదా కట్టడానికి వెళ్తూ నన్ను తోడు రమ్మంది. పాత మేనేజరు బదిలీ అయిపోయాడు. కొత్తగా వచ్చిన కుర్రాడు కంప్యూటరులో చూసి, ఇంకేమీ బాకీ లేదని కాగితం తీసి, ముద్ర వేసి ఇచ్చాడు. "చాలామంది మధ్యలో వదిలేస్తారండి. మీరు ఒక్క నెల కూడా తప్పలేదు" అన్నాడు మెచ్చుకోలుగా. తులసక్క "ఆయ్" అని, కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.

బయట ఎండగా ఉంది. ఆటోస్టాండు దాకా నడిచాం. ఆవిడ ఆత్రేయపురం ఆటో ముందు ఆగింది గాని ఎక్కలేదు. డ్రైవరు రెండుసార్లు అడిగాడు.

"ఇంటికెళ్ళి ఎవరికి చెప్పాలో తెలియడం లేదు వాణీ" అంది.

ఇద్దరం ఎక్కాం. ర్యాలి వచ్చాక ఆవిడ చెయ్యి పట్టుకుని నాతోపాటు దింపేశాను. మా అమ్మ పప్పూ అన్నం పెట్టింది. తులసక్క సంచీలోంచి ఆ కాగితం తీసి మా అమ్మ చేతికిచ్చింది. మా అమ్మకి చదవడం రాదు. అయినా రెండు చేతులతో పట్టుకుని, పై నుంచి కింది దాకా చూసి, "మంచిదమ్మా" అంది. అప్పుడు ఏడ్చింది తులసక్క. ఎంగిలి చెయ్యి పళ్లెంలోనే పెట్టుకుని, చాలాసేపు.